తెలుపును కొలిచే పట్టీ ఎందుకు ఇచ్చినట్టు?

ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. మగవాళ్ల క్రీమ్ పేరు గ్లో అండ్ హ్యాండ్సమ్. ఈ మార్పును హిందుస్థాన్ యూనిలీవర్ 2020 జులై 2న ప్రకటించింది. 1975 నుంచి ఇంటింటా పాతుకుపోయిన పేరును వదులుకోవడం వ్యాపారికి తేలిక కాదు. ఆ మేరకు అభినందించాల్సిందే. కానీ ఆ సంస్థ పనిలో పనిగా చేసిన ఒక వాదనను చూసీచూడనట్టు వదిలేయలేం. తమది ఎన్నడూ చర్మాన్ని బ్లీచ్ చేసే క్రీమ్ కాదని, ఇప్పుడూ కాదని అది చెప్పింది.

ఔనని ఎవరన్నారు? మహిళా సంఘాలు ఏళ్ల తరబడి నిలదీసింది క్రీమ్‌లోని రసాయనాన్ని కాదు, దాన్ని అమ్మిన తీరును. అడగనిదానికి సంజాయిషీ ఇచ్చి, అడిగినదానికి మొహం చాటేయడమే ఇది.

కిరాణా కొట్టు గుమ్మానికి వేలాడే సాచెట్లను ఈ దేశంలో చూడనివారు లేరు. గొట్టం మీదా, పెట్టె మీదా ఒకే అమ్మాయి ముఖం రెండు ఛాయల్లో ఉండేది: ముందు చామనఛాయ, తర్వాత తెలుపు. ఎంత తెల్లబడ్డారో చూసుకోవడానికి ఛాయల పట్టీ కూడా ఇచ్చేవారు. ఆ రెండు ముఖాలనూ, ఆ పట్టీనీ 2019లో తొలగించామని కంపెనీయే చెప్పుకొంది. తెల్లబరచడం తమ పని కాకపోతే తెలుపును కొలిచే పట్టీ ఎందుకు ఇచ్చినట్టు?

పాత టీవీ ప్రకటన ఒకటి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొడుకు పుట్టి ఉంటే బాగుండేదని తండ్రి నిట్టూరుస్తాడు. ఆ మాట కూతురి చెవిన పడుతుంది. ఆమె క్రీమ్ రాసుకుంటుంది, తెల్లబడుతుంది, ఎయిర్ హోస్టెస్ అయి తండ్రిని గట్టెక్కిస్తుంది. అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘం (ఐద్వా) పోరాటం తర్వాత 2003లో సమాచార ప్రసార శాఖ కలగజేసుకుంటే తప్ప ఆ ప్రకటన ఆగలేదు. నల్లపిల్లకు కొలువు దొరకదన్న భయాన్ని ఇంటింటికీ మోసుకెళ్లి, ఆ భయానికి మందు తమ దగ్గరుందని అమ్ముకున్నారు. ఇంత చేసినవారు ఇప్పుడు బ్లీచ్ అనే ఒక్క మాట చాటున దాక్కోవడం కోట్లాది ఆడపిల్లలకు అవమానం.

రంగు పిచ్చి కంపెనీ పుట్టించింది కాదు, సమాజంలో ఉన్నదేనన్న మాట నిజమే. పిల్ల రంగు తక్కువని పెళ్లిచూపుల్లో పెదవి విరిచేది మనమే. అంతమాత్రాన ఆ గాయాన్ని కెలికి లాభం తీసే హక్కు ఎవరికీ రాదు. పేరులో ఏముందని తేలిగ్గా తీసేసేవారు, ఆ పేరును రోజూ అద్దం ముందు చదువుకుంటూ పెరిగిన నల్లపిల్లను ఒక్కసారి అడిగి చూడాలి.

చిత్తశుద్ధి ఉంటే ఏం చేయవచ్చో 2020 జూన్‌లోనే చూశాం. జాన్సన్ అండ్ జాన్సన్ తన ఫెయిర్‌నెస్ ఉత్పత్తులను అమ్మడమే మానేయాలని నిర్ణయించింది. షాదీ డాట్ కామ్ చర్మం రంగును బట్టి సంబంధాలు వెతికే వీలునే తీసేసింది. ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనను కాదన్నానని నటి సాయిపల్లవి 2019లోనే చెప్పారు.

కంపెనీల స్వీయ నియంత్రణకే వదిలేద్దామంటే, దాని ఫలితమూ చూశాం. నల్లగా ఉన్నవారిని అభాగ్యులుగా చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. ఆ తర్వాత కూడా అయిదేళ్లు రెండు ముఖాలు గొట్టం మీదే ఉన్నాయి. అందుకే చట్టం కావాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టాన్ని సవరిస్తూ, చర్మం తెల్లబడుతుందని ప్రచారం చేస్తే తొలి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ప్రతిపాదించిన ముసాయిదాను కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఫిబ్రవరిలో బయటపెట్టింది. దాన్ని పార్లమెంటులో బిల్లుగా తేవాలి. గ్లో, బ్రైట్, రేడియన్స్ అంటూ పేరు మార్చుకుని అదే తెలుపును అమ్మజూపే ప్రకటనలకూ ఆ శిక్షలు వర్తిస్తాయని అందులో విస్పష్టంగా రాయాలి.