వ్యాకరణలింగము – మనుష్యగౌరవము

శబ్దశాస్త్రమును బోధించు అధ్యాపకులకందరకును ఒక నవ్వు పరిచితమే. పుంలింగ స్త్రీలింగములు ముగిసి ‘నపుంసకలింగము’ అను మాట వెలువడగానే వెనుక బల్లలనుండి వినవచ్చు నవ్వది. ఫలశబ్దమును వల్లించుటలో నవ్వదగినదేమియు లేదు. విద్యార్థులు నవ్వుచున్నది శబ్దమును చూచి కాదు, కొందరు మనుష్యులను తలచుకొని. ఆ తరగతిలోనే, లోకము తనకిచ్చిన లింగమునకును తానెరిగిన తనకును పొత్తు కుదరక నలగుచున్న విద్యార్థి యొకరుండినచో, ఆ నవ్వు వారి చెవికెట్లు సోకునో మనమెన్నడైన యోచించితిమా?

పుట్టుకనాడు నిర్ణయింపబడిన లింగమునకు భిన్నముగా తమను తాము స్త్రీలుగనో, పురుషులుగనో, ఆ రెంటికిని చెందనివారుగనో ఎరిగినవారిని నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులని వ్యవహరించుచున్నారు. తన లింగమును తాను నిర్ణయించుకొను హక్కు వ్యక్తికి గలదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము మాటలతో హింసించుటను గూడ నేరములలో చేర్చినది. హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, పుట్టిన చట్టమొకటి అనుమానితులైన వీరి పేర్లను పట్టికకెక్కించి, అట్లు ఎక్కినవారు స్త్రీవేషముతో వీధిన కనబడుటనే నేరముగా నెంచినది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. చట్టము దుర్భాషను శిక్షింపగలదు గాని సద్భాషను నేర్పజాలదు. భాష నేర్పుట మన వృత్తి.

ఇచ్చట కొందరు పెద్దలొక ఆక్షేపణ చేయుదురు: ‘లింగములు మూడే; స్త్రీయు పురుషుడును కానివారిని నపుంసకమనుట శాస్త్రసమ్మతమే కదా, అది యనుటలో దోషమేమి?’ అని. ఈ ఆక్షేపణకు సమాధానము శాస్త్రములోనే కలదు. ‘స్త్రియామ్’ అను సూత్రముపై భాష్యము వ్రాయుచు పతంజలి, దేహచిహ్నములను బట్టి శబ్దలింగమును నిర్ణయింపవచ్చునా యని విచారించినాడు. అట్లయినచో స్త్రీవేషము వేసిన నటుని చెప్పు ‘భ్రూకుంస’ శబ్దమునకు స్త్రీప్రత్యయము రావలసివచ్చును. మంచమునకును వృక్షమునకును లింగమే సిద్ధింపదు. కావున వైయాకరణులు లౌకికలింగమును ఆశ్రయింపజాలరని ఆయన తేల్చినాడు. మనము బాలురకు చెప్పు ఉదాహరణమును ఇదియే: భార్యనే తెలుపు దారశబ్దము పుంలింగము, కలత్రశబ్దము నపుంసకలింగము. కలత్రమనినంత మాత్రమున ఇల్లాలు నపుంసకము కానట్లే, వ్యాకరణమున మూడవ లింగమున్నంత మాత్రమున మనుష్యుని ‘అది’ యనుటకు అనుజ్ఞ లభింపదు.

తెలుగు వ్యాకరణము ఈ విషయమున మరింత ఉదారమైనది. ఉత్తమ మధ్యమ పురుషలలో మన క్రియకు లింగభేదమే లేదు. ‘నేను వచ్చితిని’, ‘మీరు వచ్చితిరి’ అనుటలో వక్తయు శ్రోతయు స్త్రీలో పురుషులో తెలియరాదు. అనగా ఎదుటివారితో మాటాడునపుడు సర్వనామమున చిక్కేమియు లేదు. అవమానమంతయు ‘మీరు’ అనవలసినచోట ‘నువ్వు’ అనుటలోను, ‘ఏరా’, ‘ఒసే’ అను సంబోధనములలోను కలదు. అది వ్యాకరణదోషము కాదు, వక్త దోషము.

ప్రథమపురుషలో మాత్రము భేదము కలదు. చిన్నయసూరి చెప్పినట్లు మహతీవాచకములకు ఏకవచనమున అమహత్కార్యమును, బహువచనమున మహత్కార్యమును కలుగును. ‘ఆమె వచ్చినది’ అనుట చేత స్త్రీ జడపదార్థమని వాదించువారు లేరు. బహువచనమునకు వచ్చుసరికి స్త్రీపురుషులిరువురును ‘వారు వచ్చిరి’ అను నొక్క రూపమున కలిసిపోవుదురు. పూజ్యార్థమున ఒక్కరిని గూడ ‘వారు’ అనుట మనకు తరతరాల మర్యాద. ఎవరినెట్లు పేర్కొనవలెనో తెలియనిచోట ఈ మాట మనకు సిద్ధముగ నున్నది.

అయితే ఇందొక మెలకువ అవసరము. ‘నన్ను ఆమె యనుడు’ అని ఒకరు కోరిన పిమ్మట గూడ ‘వారు’ అను మాటచాటున దాగుట గౌరవము కాదు, గౌరవమునకు ముసుగు వేసిన నిరాకరణము. తరగతిలోని తక్కిన విద్యార్థినులందరును ‘ఆమె’ యై, ఒక్కరు మాత్రమే ‘వారు’ అయినచో, ఆ బహువచనము ఆసనము కాదు, వెలి. కావున క్రమమిది: తెలియనపుడు ‘వారు’, తెలిసినపుడు వారు కోరిన మాట. పొరబడినచో సవరించుకొని ముందునకు సాగుట. దానిని చర్చనీయాంశము చేయకుండుట.

ఇక నామవాచకములు. నపుంసక, క్లీబ, షండ శబ్దములు లోపమును బట్టి మనిషిని పేర్కొనునవి. క్లైబ్యమనిన పిరికితనమను అర్థము గీతాపాఠకులకు తెలియనిది కాదు. అమరసింహుడు మనుష్యవర్గమున ఆ పదముల సరసనే ‘తృతీయాప్రకృతి’ అను మాటను చేర్చినాడు. అది లేమిని గాక ఒక ప్రకృతిని తెలుపుచున్నది. ‘హిజ్రా’ అనునది ఒక సంప్రదాయమునకు, సమూహమునకు చెందినవారి పేరు. అందరికిని వర్తించునది కాదు. ‘లింగమార్పిడి’ శస్త్రచికిత్సను స్ఫురింపజేయును గాని వ్యక్తిని కాదు. చికిత్స పొందనివారును అనేకులు కలరు. పురుషులుగా జీవించు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు గూడ కలరన్న సంగతిని మనము తరచుగా మరచుచున్నాము. పత్రికలయందును ఉపన్యాసములయందును వాడదగిన పదమేదో నిర్ణయించుటకు ముందు, ఆ పేరుతో బ్రతుకవలసినవారిని అడుగుట న్యాయము.

భారతము చదివిన మనకు ఈ పాఠము కొత్తది కాదు. ద్రుపదునింట పుట్టినది శిఖండిని. యక్షుని వలన పురుషత్వమును పొందిన పిదప శిఖండి. వ్యక్తితోపాటు ప్రత్యయమును మారినది. భీష్ముడొక్కడు పుట్టుకను పట్టుకొని నిలిచినాడు. పాండవసేన ఆయనను మహారథునిగనే గణించినది. బృహన్నల ఉత్తరకు గురువు. మనమో, ఆ మహారథుని పేరును, ఆ గురువు పేరును తిట్లుగా వాడుచున్నాము. కవులు నిలిపిన గౌరవమును వ్యవహారమున పోగొట్టినవారము మనమే.

కావున తోటి అధ్యాపకులకొక మనవి. నపుంసకలింగమును బోధించునాడు, శబ్దలింగము వేరు, మనుష్యుడు వేరు అని భాష్యకారుని విచారముతోనే పాఠమారంభింపుడు. హాజరు పిలుచునపుడు విద్యార్థి కోరిన పేరుతో పిలువుడు. వెనుక బల్లనుండి నవ్వు వినవచ్చినచో విననట్లు ఊరకుండకుడు. ఆ నిముషమున గురువు వహించు మౌనము ఆ నవ్వుకు వంతపాడినట్లే యగును.