ఆపమనే హక్కు ఎవరికుంది?

2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగం చూడటానికి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా శ్రీహరికోట వచ్చారు. దేశమంతా టీవీల ముందు మేలుకుని కూర్చుంది. రాకెట్ 2 గంటల 51 నిమిషాలకు ఎగరాలి. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. సాంకేతిక లోపం కనిపించింది, వాయిదా వేస్తున్నాం అని ఇస్రో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. వారం తిరగ్గానే, జూలై 22న, అదే రాకెట్ నిక్షేపంగా ఎగిరింది. దేశాధినేత ఎదురుగా ఉన్నా ‘ఆపండి’ అనగలిగిన ఆ ధైర్యం రాత్రికి రాత్రి వచ్చింది కాదు. దాదాపు నలభై ఏళ్ల ముందు అదే తీరంలో ఆగాల్సిన చోట ఆగక దెబ్బతిన్నారు. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 ఎగరబోయే ముందు కంప్యూటర్ కౌంట్‌డౌన్‌ను నిలిపేసింది. నిపుణులు పర్వాలేదన్నాక కంప్యూటర్ మాటను పక్కనపెట్టి ప్రయోగానికి సరేనన్నది తానేనని, ఆ ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం తర్వాతి కాలంలో ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. రెండో దశలో నియంత్రణ తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందుకు తానే వచ్చి వైఫల్యాన్ని నెత్తిన వేసుకున్నారు. 1980 జూలై 18న ప్రయోగం గెలిచాక మాత్రం మాట్లాడమని కలాంను పంపించారు. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు ఈ కథను అరగదీసేశారు. వాళ్ల చేతిలో ఇది ధావన్ పెద్దమనసు కథ అయి కూర్చుంది. పెద్దమనసు మాట నిజమే, కానీ పనిచేసే చోట దాని అసలు ప్రయోజనం వేరే ఉంది. నింద మోయడానికి పైవాడు ఉన్నాడని తెలిసినప్పుడు, ఏ వాల్వు దగ్గర ఏం జరిగిందో చెప్పడానికి కింది ఇంజినీరు వణకడు. పదకొండు నెలల్లో లోపాన్ని పట్టుకుని, సరిచేసి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపడం ఆ భరోసా లేని చోట అయ్యే పని కాదు. నాయకత్వం మీద వస్తున్న పుస్తకాలకు లెక్కలేదు గానీ, నాకు కనిపించే కొలత ఒక్కటే: చెడు వార్త కిందినుంచి పైకి ఎంత త్వరగా, ఎంత తక్కువ భయంతో చేరుతోంది? శిక్షణ అయినా, సంస్కృతి అయినా, సమాచారమైనా ఈ ఒక్క పనికి ఉపయోగపడకపోతే గోడకు తగిలించిన పోస్టర్లతో సమానం.

ఈ కొలత ఇప్పుడు మన ప్రాంతానికి చాలా అవసరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అదే జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008 నుంచి శ్రీసిటీ పారిశ్రామికవాడ పెరుగుతూ వస్తోంది. ఇసుజు, కోబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు, మెట్రో రైలు పెట్టెలు చేసే ఫ్రాన్స్ ఆల్‌స్టామ్, ఫోన్లు చేసే తైవాన్ ఫాక్స్‌కాన్, చాక్లెట్ల నుంచి టూత్‌పేస్టు దాకా చేసే అమెరికా కంపెనీలు అన్నీ ఆ ఆవరణలోనే ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఇటు నెల్లూరు వైపు నుంచి, అటు తమిళనాడు నుంచి పిల్లలు కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు వస్తారు. ఫోన్ల లైన్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. చేరగానే వాళ్లకు శిక్షణ ఉంటుంది. సేఫ్టీ బూట్లు ఎందుకు, ఫైవ్ ఎస్ అంటే ఏమిటి, కైజెన్ అంటే ఏమిటి, నిమిషం ఆలస్యమైతే లైనుకు ఎంత నష్టం, అన్నీ చెబుతారు. మంచిదే. ఐటీఐ చదివిన కుర్రాడికి, ఇంటర్‌తో ఆపేసిన అమ్మాయికి ఇవి కళాశాలలు నేర్పని విషయాలు. చిక్కు ఎక్కడంటే, ఈ శిక్షణ పైనుంచి కిందికే ప్రవహిస్తుంది. వచ్చినవాళ్ల పద్ధతి మనవాళ్లు నేర్చుకోవాలి. మరి మనవాళ్ల పద్ధతి వచ్చినవాళ్లు నేర్చుకునే తరగతి గది ఏది?

లైను మీద జరిగే ఒక చిన్న సంగతి తీసుకుందాం. మెషీన్ శబ్దం తేడాగా ఉందని ఆపరేటరు తెలుగులోనో తమిళంలోనో లైన్ లీడర్‌కు చెబుతుంది. లీడరు ఆ షిఫ్టు టార్గెట్ గుర్తొచ్చి ‘చిన్న ప్రాబ్లం ఉంది సార్, చూస్తున్నాం’ అని ఇంజినీరుకు చెబుతాడు. ఉత్తరాది నుంచి వచ్చిన ఇంజినీరు దాన్ని ఇంగ్లిషులో మెయిల్ చేసేటప్పుడు ‘పరిశీలనలో ఉంది’ అని రాస్తాడు. దుబాసీ ద్వారా విదేశీ మేనేజరు చెవికి చేరేసరికి అంతా అదుపులోనే ఉంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్క మెట్టు దగ్గర వార్త కాస్త కాస్త మెత్తబడింది, అంతే. మర్నాడు మెషీన్ నిలిచిపోతే, లేదా ఎవరి వేలో నలిగితే, ముందుగా ఎందుకు చెప్పలేదని ఆ ఆపరేటరునే నిలదీస్తారు. ఆ అమ్మాయి చెప్పింది. వినే ఏర్పాటే లేదు.

వినే ఏర్పాటు ఎలా ఉంటుందో చూపించింది కూడా జపాన్ వాళ్లే కావడం విశేషం. టయోటా ఫ్యాక్టరీల్లో లైను పొడవునా తలపైన ఒక తాడు ఉండేది. పనిలో తేడా కనిపిస్తే ఎవరైనా దాన్ని లాగవచ్చు. లాగగానే పాట మోగుతుంది, బోర్డు మీద ఆ స్థానం నంబరు వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. బండి ఆ స్థానం దాటేలోగా సరికాకపోతే లైను ఆగుతుంది. ఇది జపాన్ మనుషులకే చెల్లుతుందని చాలామంది అనుకున్నారు. ఆ అనుమానానికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ జవాబు చెప్పింది. అక్కడి జనరల్ మోటార్స్ కర్మాగారం గైర్హాజరీకి, నాసి పనికి, మేనేజ్‌మెంటుతో గొడవలకు పేరుమోసింది. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నుమ్మి పేరుతో తెరిచినప్పుడు చాలావరకు ఆ పాత కార్మికులనే, ఆ పాత యూనియన్‌తోనే తీసుకున్నారు. వందల మందిని జపాన్ పంపి పని చూపించారు. కొద్దికాలంలోనే ఆ కార్ల నాణ్యత జపాన్ కార్లతో పోటీకి వచ్చింది. చేతులు అవే, మారింది పైవాళ్లు చెయ్యి పెట్టే తీరు. ఇదే పద్ధతిని తన మిగతా కర్మాగారాలకు తీసుకెళ్లడానికి జనరల్ మోటార్స్ ఏళ్ల తరబడి తంటాలు పడింది. తాడు కట్టడం సులువే, దాన్ని లాగినవాడిని తిట్టకుండా ఉండటం అక్కడి మేనేజర్లకు చేతకాలేదు.

వినే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చూడటానికి మనం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. చిత్తూరు నుంచి పలమనేరు, ములబాగల్ మీదుగా బెంగళూరు దారి పడితే కోలారు దాటాక నరసాపుర వస్తుంది. 2020 డిసెంబర్ 12న అక్కడి విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో కార్మికులు అద్దాలు, యంత్రాలు, వాహనాలు పగలగొట్టారు. జీతాల్లో కోతలు, హాజరు లెక్కల్లో గందరగోళం, పన్నెండు గంటల షిఫ్టులు: వీటి మీద కొద్దికాలంగా రగులుతున్న అసంతృప్తి అది. కొందరికి జీతాలు సరిగా ఇవ్వలేదని కంపెనీయే తర్వాత ఒప్పుకుని, భారత్ వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ని తప్పించింది. విధ్వంసాన్ని ఎవరూ సమర్థించరు. కానీ ఆ రోజుకు ముందు ఎన్ని రోజులు, ఎంతమంది హెచ్‌ఆర్ కిటికీ దగ్గర అదే ప్రశ్న అడిగి వెనుదిరిగారన్నదే అసలు విషయం. ఇక చెన్నై వైపు వెళితే శ్రీపెరంబదూరు. 2021 డిసెంబర్‌లో ఫాక్స్‌కాన్ మహిళల హాస్టల్‌లో తిండి కలుషితమై 159 మంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారని, కంపెనీ దాస్తోందని పుకారు లేచింది. తోటివాళ్లు ఎలా ఉన్నారో చెప్పే దిక్కు లేక వేలాది అమ్మాయిలు చెన్నై-బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. ఫ్యాక్టరీ వారాల తరబడి మూతపడింది. కంపెనీ నోరు విప్పని చోట పుకారు మైకు పట్టుకుంటుంది.

తిరుపతి నగరం ఈ పాఠాన్ని ఇంకా బాధాకరంగా నేర్చుకుంది. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడలో వేచి ఉన్న భక్తుల మధ్య తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోయాయి. అస్వస్థతకు గురైన మహిళను బయటికి తేవడానికి గేటు తెరిస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని అప్పట్లో అధికారులే చెప్పారు. బాధ్యత ఎవరిదన్నది విచారణల పని. ఇక్కడ గమనించాల్సింది, గేటు తీసినవాడి ఉద్దేశం మంచిదే అయినా అది క్యూలో ఉన్నవాళ్లకు అందలేదన్నది. లక్షల మందిని నడిపించడంలో అంత అనుభవం ఉన్న ఊళ్లో కూడా ఒక్క వాక్యం చేరకపోవడం ప్రాణాలు తీసింది.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు బలహీనమైనవేమీ కావు. మన పిల్లలు పెద్దల ముందు నోరు విప్పరు, అది మన సంస్కారం, దాన్ని ఎలా మారుస్తారు అంటారు కొందరు. కొరియాలోనూ ఇదే మాట వినిపించేది. 1999 డిసెంబర్‌లో కొరియన్ ఎయిర్ సరుకు విమానం లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో ఎగిరిన కాసేపటికే కూలి నలుగురు చనిపోయారు. కెప్టెన్ ముందున్న పరికరం తప్పు చూపిస్తోంది. కో పైలట్ ముందున్నది సరిగానే ఉంది. అయినా అతను నోరెత్తలేదు. ఆ తర్వాత ఆ సంస్థ బయటివాళ్లను పిలిపించి శిక్షణంతా తిరగరాయించింది. ఆ తర్వాత ఆ సంస్థ విమానాల్లో ప్రాణాలు తీసిన ప్రమాదం లేదు. పైలట్లు కొరియన్లుగానే ఉన్నారు, పెద్దలంటే గౌరవమూ పోలేదు. సంస్కారం అడ్డమన్నది చాలాసార్లు పైవాళ్లకు అనువైన సాకు. సూపర్‌వైజర్ ముందు మౌనంగా ఉండే కుర్రాడు తిరుగు బస్సులో గంటసేపు ఆగకుండా మాట్లాడతాడు. మాట లేక కాదు, చెబితే తన కాంట్రాక్టు ఏమవుతుందో తెలియక.

జీతం పెంచండి, ఈ కబుర్లు ఎందుకు అన్నది రెండో అభ్యంతరం. దీంతో నాకు సగానికి పైగా ఏకీభావమే. తక్కువ జీతానికి మంచి మాటలు విరుగుడు కావు. వాటిని జీతానికి బదులుగా వాడేవాళ్లను నమ్మకూడదు కూడా. అయితే నరసాపురలో మండింది జీతం తగ్గినందుకే కాదు, ఎందుకు తగ్గిందో చెప్పే మనిషి దొరకనందుకు కూడా. కాంట్రాక్టర్ల ద్వారా మనుషులను పెట్టుకునే చోట ఇది మరీ ముదురుతుంది. ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఇక స్థానికులే యజమానులైతే ఈ గొడవ ఉండదనే వాదన ఉంది. 1985లో కరకంబాడిలో మొదలై, అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌తో రెండు దశాబ్దాలు కలిసి నడిచిన బ్యాటరీల సంస్థ అమరరాజా, బయటి సాంకేతికతను ఇక్కడి చేతులు ఎంత బాగా వశం చేసుకోగలవో చూపింది. అంతమాత్రాన స్థానికత దానికదే మందు కాదు. మేనేజరు ఊరిపెద్దకు చుట్టం, కులానికి కావలసినవాడు అయిన చోట ‘ఇది తప్పు సార్’ అనడం జపాన్ మేనేజరుతో అనడం కన్నా కష్టం.

ప్రతివాడూ లైను ఆపుకుంటూ పోతే ఆర్డర్లు వియత్నాం వెళ్లిపోతాయన్న భయం మిగిలింది. ఆ భయానికి శ్రీహరికోటే సమాధానం. చంద్రయాన్-2 కోసం ఆగింది వారం. 1979లో ఆగనందుకు పోయింది పదకొండు నెలలు. ఆపే హక్కు ఉన్న చోట లైను మాటిమాటికీ ఆగుతుందనుకోవడం పొరపాటు. మొదట్లో ఆగుతుంది, లోపాలు బయటపడి సరయ్యాక ఆగాల్సిన అవసరం తగ్గుతుంది.

కాబట్టి చేయాల్సింది పెద్ద పథకం కాదు. శ్రీసిటీకి కొత్తగా వచ్చే ప్రతి మేనేజరూ, ఏ దేశంవాడైనా ఏ రాష్ట్రంవాడైనా, చేరిన తొలి నెలలో కొన్ని రోజులు ఆపరేటర్లతో కలిసి లైను మీద నిలబడాలి. పనిచోట వినిపించే తెలుగు, తమిళ మాటలు వంద నేర్చుకోవాలి. మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు వెల్డింగ్, వైరింగ్ నేర్పినట్టే, లోపాన్ని ఎలా గుర్తించి ఎవరికి ఎలా చెప్పాలో నేర్పి దానికి మార్కులు వేయాలి. భూములు, కరెంటు రాయితీలు ఇచ్చి ఎన్ని ఉద్యోగాలిచ్చారని అడిగే ప్రభుత్వం ఇంకో లెక్క కూడా అడగాలి: ఈ ఏడాది కార్మికులు లైను ఎన్నిసార్లు ఆపించారు, అలా ఆపించినవాళ్లు ఇంకా ఉద్యోగంలో ఉన్నారా? ‘మా దగ్గర ఒక్కసారీ ఆగలేదు’ అని గొప్పగా చెప్పే ఫ్యాక్టరీ ఉంటే, తనిఖీ అధికారులు ముందుగా వెళ్లాల్సింది ఆ ఫ్యాక్టరీకే.