ఇంటిముచ్చటలు: కొరియాయాత్రకు ముందు మా వంటయింట

ప్రతిమాసమును ఈ పుటలలో పప్పుదినుసులకు పురుగు పట్టకుండుటను గూర్చియో, బిడ్డల చదువులను గూర్చియో ముచ్చటించు మేము ఈ తడవ కొరియాదేశమును గూర్చి వ్రాయబూనుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. రాబోవు అక్టోబరు మాసమున పదిమంది గల యొక చిన్న బృందముతో, ఆ దేశపు టిల్లాలొకతె దారి చూపుచుండగా, ఎనిమిది దినములు అచ్చట తిరిగి వచ్చుటకు మేము నిశ్చయించుకొంటిమి. సియోలు మహానగరము, జొంజు పట్టణము, కొండలనడుమ నొక బౌద్ధాశ్రమము, ఇవి మా మజిలీలు. కోటలును మేడలును చూడకపోము గాని, అచ్చటి వంటలను, వంటచేయు తీరును చూచుటయే ఈ యాత్రకు ముఖ్యోద్దేశము.

మా యూరు పెనుకొండకు సమీపమున నున్నది. 2019లో అచ్చట కియావారి కార్ల కర్మాగారమున పని మొదలైనప్పటినుండి కొరియావారు మా ప్రాంతమున కాపురముండుట, వారికొఱకు భోజనశాలలు వెలయుట మాకు అలవాటైనది. బస్సులో పోవునప్పుడు తెలుగు పలకలనడుమ గీతలును సున్నలును గల వారి లిపి కనబడును. దానిని చదువవలెనను కోరికయే ఈ యాత్రకు బీజము. మావారు బడిపంతులు; ఆ జీతముతో విదేశయాత్ర యనగా నవ్వులాట కాదు. నాలుగేండ్లు చీటీ కట్టి, నడుమ పాడుకొనక, కడదాక నిలిచి తెచ్చుకొన్న సొమ్మిది. గాజులు చేయించుకొమ్మని మా యాడుబిడ్డ చెప్పినది. గాజులు లేవు, యాత్ర కలదు. మావారు బిడ్డలతో ఇంటనుండుటకు ఒప్పుకొనిరి.

పేరు నమోదైన పిదప ఆ మార్గదర్శిని మాకొక జాబు వ్రాసినది. మీ భోజననియమము లెవ్వి యని ప్రశ్న. శాకాహారులమని యొక్కమాటలో బదులు వ్రాసి, పని తీరినదని తలచితిమి. తీరలేదు. మరునాడే ప్రశ్నల పట్టిక వచ్చినది. ఎండునెత్తళ్లు కాచిన నీటితో చేసిన పులుసు త్రాగుదురా? చేపలను ఉప్పున ఊరవేసి తీసిన రసము కూరలో పడిన తిందురా? ఊరగాయలో ఉప్పురొయ్యలున్న పనికివచ్చునా? గ్రుడ్డు మాటేమి? వెల్లుల్లి మాటేమి? తమ దేశమున పళ్లెములో మాంసపు ముక్క కనబడకున్న చాలు, అది శాకాహారమేయని అనుకొనువారు పెక్కుమంది కలరనియు, అందుచేత ఆ యొక్కమాట చాలదనియు ఆమె మర్యాదగా తెలిపినది.

ఆ జాబు చదువుచుండగా మా గుండె జల్లుమన్నది. ఏలయన, అంతకు వారము దినములకు ముందు మేము పట్టణపు టంగడిలో నొక సీసా కొనితెచ్చి యుంటిమి. కొరియావారి కిమ్చీ. ముందువైపున చక్కని క్యాబేజీ బొమ్మ. మా అత్తగారికి అరువదియెనిమిదేండ్లు. ఊరగాయలలో ఆమె చేతికి ఎదురులేదని మా బంధువులలో పేరు. పుట్టినది మొదలు చేపముక్క యెరుగని మనిషి. మేము పోబోవు దేశపు టూరగాయ యనగా ఆమెకు వేడుక కలిగి, పెరుగన్నములో నంచుకొని చూచిరి. "నూనె లేదు గాని బాగున్నదే, అమ్మాయీ" అని రెండుదినములలో మూడుసార్లు వేయించుకొనిరి. ఇప్పుడు జాబు చేతబట్టుకొనియే లేచిపోయి సీసా త్రిప్పి చూచితిమి. వెనుక సన్నని యక్షరములలో ఉప్పురొయ్యలును, చేపరసమును ఉన్నవి; మూలను గోధుమరంగు త్రికోణపు గుర్తును ఉన్నది. ఇందు అంగడివాని తప్పేమియు లేదు. చదువను వ్రాయను నేర్చి, బొమ్మను చూచి కొనిన తప్పు మాది.

ఆ రాత్రి మావారితో చెప్పితిమి. "ఆమెకు తెలియదుగదా, తెలియనీయకుము. ఈ వయస్సులో మనసు కష్టపెట్టుట యెందుకు?" అని వారు. వారి తల్లియే గనుక వారిమాట కొట్టివేయుటకు మాకు ధైర్యము చాలలేదు. అట్లని ఆ మాటతో నిదురయు పట్టలేదు. తెల్లవారి అత్తగారు చేటలో బియ్యమేరుచుండగా ఎదుట కూర్చుండి ఉన్నదున్నట్లు చెప్పివేసితిమి. ఆమె చేయి ఆగినది. మాట లేదు. లేచిపోయి తలస్నానము చేసిరి. ఆ దినమంతయు పచ్చిమంచినీరు తప్ప ముట్టలేదు. మేమును తినలేదు గాని, అది వారి యుపవాసమునకు సాటి కాదని మాకు తెలియును. సంజవేళ పిలిచి, "సీసా యేది?" అని యడిగిరి. పారవేసితిమని చెప్పితిమి. "నీవు చెప్పకుండిన నేను రేపును అడిగి వేయించుకొని యుందును" అనిరి. కొంతసేపటికి మరల తామే, "అమ్మాయీ, రొయ్యలు లేనిదే ఆ ఊరగాయ కాదా?" అని యడిగిరి.

ఆ ప్రశ్ననే మేము కొరియాకు పంపితిమి. అవునని బదులు వచ్చినది. అచ్చటి బౌద్ధాశ్రమములలో సన్న్యాసినులు రొయ్యలును చేపలును లేకయే తరతరములుగా ఊరవేయుచున్నారట. అందుపై మా యింట పని మొదలైనది.

వారి క్యాబేజీ పొడుగాకులది. మా సంతలో దొరకదు. ఉండక్యాబేజీనే నాలుగు చీలికలు చేసి, ఆకునాకునకు ఉప్పు రాచి, రాత్రియంతయు ఉంచి, ఉదయమున మూడునీళ్లు కడిగి వడవేయవలెను. ఉప్పు మొదటనే నీరు దిగలాగును, చెడుక్రిములను అడ్డగించును. పిదప గాలిచొరని జాడీలో పులుపు పుట్టించు మంచిక్రిములు తమపని తాము చేయును. పెరుగు తోడుకొనునట్టిదే యనుకొనుడు. మన ఆవకాయకు నూనె కావలి, వారి కిమ్చీకి పులుపే కావలి. జిగురుబియ్యపు పిండితో పలుచని జావ కాచి, చల్లార్చి, అందు మిరపపొడి, అల్లము, సన్నముగా తరిగిన ముల్లంగి కలిపి ఆకుల సందులలో పట్టింతురు. వారి మిరపపొడికి రంగెక్కువ, కారము తక్కువ. మేము బ్యాడిగి మిరపకాయలు గింజలు తీసి దంచితిమి. చేపరసమునకు మారుగా సోయా రసము రెండు గరిటెలు వేసితిమి. అత్తగారు వెల్లుల్లిని తాకనీయలేదు. పట్టించుట మాత్రము ఆమెయే చేసిరి. ఆ చేతులు పచ్చడి కలుపుట చూడవలసినదే. మా యెండలకు ఒక్కదినముననే పులిసినది. వెంటనే చల్లనిపెట్టెలో పెట్టనివారు రెండవదినమున జాడీ మూత ఎగిరినదని మమ్ము నిందింపకుడు.

ఆ దేశమున చలికాలమునకు ముందు ఇరుగుపొరుగు స్త్రీలు కూడి ఈ ఊరగాయ రాసులుగా పెట్టి, లేనివారికి పంచిపెట్టుదురు. ఆ వేడుకకు కింజాంగు అని పేరు. 2013లో యునెస్కో వారు దానిని మానవజాతి సంస్కృతిసంపదల పట్టికలో చేర్చిరి. సోయాగింజలు ఉడికించి, దంచి, ఇటుకలవలె చేసి, ఆరవేసి, ఉప్పునీట ఊరించి రసమును ముద్దను తీయు విద్యను 2024లో చేర్చిరి. ఇట్టి వన్నియు అత్త కోడలికి, తల్లి కూతునకు చేతితో నేర్పునవి. పూర్వము జాడీలను మంచుకాలమున భూమిలో పాతెడివారు. నేడు కిమ్చీకొఱకే వేరుగ చల్లనిపెట్టెలు అమ్ముదురు. మిరపకాయ మాత్రము వారిదియు కాదు, మనదియు కాదు. అమెరికా ఖండములనుండి వచ్చినది. కొరియాకు పదునాఱవ శతాబ్దపు చివరి భాగమున చేరినదని పెక్కుమంది చరిత్రకారులు చెప్పుదురు. అంతకుముందు మనవారును వారును మిరియములతోను అల్లముతోను సరిపుచ్చుకొన్నవారే.

ఆశ్రమభోజనమును గూర్చి మేము చదివినదానిలో మా యత్తగారికి అన్నిటికంటె వింతగొలిపినది ఒకటి కలదు. అచ్చటి సన్న్యాసులు మాంసమత్స్యములనే గాక అయిదు ఘాటుపదార్థములను వర్జింతురు. వెల్లుల్లి, ఉల్లి జాతులవి నాలుగు. ఐదవది వారి గ్రంథములలో చెప్పబడిన హింగువు, అనగా మన యింగువ! ఆ దేశమున ఇంగువ పండకపోయినను నిషేధము మాత్రము బౌద్ధముతో కూడ ప్రయాణము చేసిపోయినది. "ఉల్లి మానిరి సరే, ఇంగువ యేమి చేసినది వారిని?" అని అత్తగారు నిజముగా నొచ్చుకొనిరి. భోజనమునకు నాలుగు గిన్నెలు, మాటలాడరు, మెతుకు మిగుల్పరు, కడపట గిన్నెలు నీటితో తొలిచి ఆ నీటినే త్రాగుదురు. యాత్రికులు ఇట్టి యాశ్రమములలో ఒకటిరెండు రాత్రులుండు ఏర్పాటు 2002నుండి జరుగుచున్నది. నూటయెనిమిది సాష్టాంగములు కూడ అందు సామాన్యముగా నుండును. మోకాళ్లు సరిగాలేనివారు ముందే చెప్పుకొనవలెను.

పెద్దచిక్కు ఆశ్రమమున కాదు, ఇండ్లలోను భోజనశాలలలోను. పెట్టినదానిని త్రోసివేసిన పెట్టినవారికి అవమానము, తినిన మనకు నియమభంగము. మార్గదర్శిని చెప్పిన ఉపాయము మన పంక్తిలో ఆకుపై చేయి అడ్డుపెట్టుట వంటిదే: వడ్డనకు పూర్వమే చెప్పుడు, వడ్డించిన పిదప చెప్పకుడు. అందుకై మేము చిన్న అట్టముక్కపై వారి లిపిలో మాంసము, చేప, రొయ్యలు, నెత్తళ్ల నీరు, గ్రుడ్డు కూడదని ఆమెచేత వ్రాయించి తెప్పించుకొంటిమి. "కోగి" యన మాంసము, "సెంగ్‌సొన్" అన చేప, "ఛెసిక్" అన శాకాహారము. ఈ మూడును కంఠస్థము చేసితిమి. జొంజులో ప్రసిద్ధమైన బిబింబాపు అను కలగలుపు టన్నమునందు గొడ్డుమాంసమును గ్రుడ్డును తీసివేయుమని అడుగవలెను.

పంక్తిమర్యాదలలో కొన్ని మనకు చదువకయే వచ్చును: పెద్దలు మొదలిడిన పిదప తినుట, వాకిట చెప్పులు విడుచుట, పెద్దలకిచ్చునది రెండుచేతుల నిచ్చుట. కొన్ని రావు. అన్నపు గిన్నె చేతికెత్తరాదు. అన్నమును పులుసును చెంచాతో, తక్కినవి పుల్లలతో తినవలెను. ఆ పుల్లలును ఇనుపవి, జాఱునవి. అన్నములో వానిని నిలువుగా గ్రుచ్చిన పితృకార్యము జ్ఞప్తికి వచ్చునని వారికి మహా అశుభము. మేము రాత్రులు నానిన శనగలతో అభ్యాసము చేయుచున్నాము. మా చిన్నవాడు రెండుదినములలో నేర్చి మాకు గురువైనాడు.

లిపి మాట మరచితిమి. సేజోంగు అను రాజు 1443లో కల్పించి 1446లో ప్రకటించినది. అప్పుడు ఇరువదియెనిమిది యక్షరములు, నేడు ఇరువదినాలుగు. మా తండ్రిగారు బాల్యమున కంఠ్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని మాచేత వల్లెవేయించిరి. ఆ రాజు ఆయా యక్షరములకు నాలుక, పెదవులు, పండ్లు, గొంతు ఉండు తీరునే రూపముగా నిచ్చెను. హల్లునకు అచ్చు చేర్చి ఒక్క గుంపుగా వ్రాయుట మన గుణింతమునకు దగ్గఱ. వారమున అంగడిపలకలు చదువగలిగితిమి. పండితులు చీనాలిపిని విడువక, దీనిని ఆడువారి వ్రాతయని చులకన చేసిరట. చేసిన చేసిరి, ఆ చులకనయే ఆడువారికి మేలైనది. జాంగ్ గ్యెహ్యాంగ్ అను నిల్లాలు డెబ్బదియేండ్లు దాటినపిదప, 1670 ప్రాంతమున, ఆ లిపిలోనే వంటల గ్రంథము వ్రాసెను. కూతుండ్రు నకలు వ్రాసికొనవచ్చును గాని మూలప్రతిని అత్తవారిండ్లకు కొనిపోరాదని కడపట కట్టడి కూడ చేసెను. ఇది చదివి మేము అత్తగారి ఆవకాయ కొలతలు అడిగి వ్రాసికొన మొదలిడితిమి. ఆమె కొలత "చేతికి తెలియును" అనునది. కాగితముపైకి తెచ్చుటకు ఇప్పటికి మూడు సాయంకాలములు పట్టినవి.

మూట గూర్చి రెండుమాటలు. అక్టోబరులో పగలు హాయి, రాత్రులు చలి. శాలువయు ఉన్నిచొక్కాయు చాలును. చిరుగులు లేని మేజోళ్లు కావలెను, ఏలయన చెప్పులు మాటిమాటికి విడువవలసి వచ్చును. పండ్లు, పచ్చి కరివేపాకు కొనిపోరాదు, రేవున తీసికొందురు. భారతీయులకు వీసా ముందే కావలెను. యాత్రికుల సహాయమునకు 1330, ప్రాణాపాయమునకు 119.

ఇక కడపటి సంగతి. బృందములో ఒక చోటు ఖాళీయున్నదని జాబు వచ్చినది. ఉల్లి వెల్లుల్లి లేని ఆశ్రమపు వంటయిల్లు ఒక్కసారి చూడవలెనని అత్తగారు మాతో కాదు, మావారితో చెప్పిరట. సొమ్ము ఎట్లని మేము లెక్క వేయుచుండగా, ఆడుబిడ్డ తన చీటీ పాడి తెచ్చి ఇచ్చినది. పాస్‌పోర్టుకై ఛాయాచిత్రము తీయించితిమి. జన్మపత్రిక లేదు, ఆధార్ కార్డులో మన పెద్దలకు పలువురకు వ్రాసినట్లే ఆమెకును జనవరి 1 అని వ్రాసియున్నది. కొరియావారును పుట్టగానే ఒకయేడని లెక్కించి, జనవరి 1న అందఱును ఒక్కమాఱే ఒక యేడు పెరుగుచుండిరనియు, 2023 జూన్‌లో శాసనముచేత ప్రభుత్వవ్యవహారములలో ఆ లెక్క మాన్పిరనియు చెప్పితిమి. అత్తగారు బియ్యపు చేట క్రింద పెట్టి నవ్విరి. "అయితే మొన్నటిదాక ఆ దేశమంతయు నా పుట్టినరోజు చేసికొన్నదన్నమాట."