వైద్యవిద్యయందు యంత్రబోధన

మన వైద్యకళాశాలల డిసెక్షన్ హాళ్లలోనికి ఒక క్రొత్త బల్ల ప్రవేశించుచున్నది. నిడివి మనుష్యప్రమాణము, పైభాగము గాజు. దానిపై వ్రేలితో గీచినచో చర్మము తొలగి కండరములు కానవచ్చును. మరల గీచినచో కండరములు తొలగి రక్తనాళములు కానవచ్చును. పొరపాటున కోసినదానిని ఒక్క తాకుడుతో మరల అతికింపవచ్చును. రక్తము లేదు, దుర్వాసన లేదు, ఫార్మలిన్ ఘాటునకు కన్నీరు కార్చు విద్యార్థియు లేడు. ప్రక్క గదిలో రబ్బరుతో చేసిన బొమ్మరోగి పరుండి యున్నాడు. కంప్యూటరు ఆజ్ఞాపించినపుడు అతనికి ఆయాసము వచ్చును, నాడి తప్పును. విద్యార్థి సరిగా చికిత్స చేసినచో బ్రదుకును. కండ్లకు తగిలించుకొను అద్దములలో ఆపరేషను గదియే ప్రత్యక్షమగుచున్నది. కొన్ని కళాశాలల ప్రకటనలయందు ఈ బల్లల ఛాయాచిత్రములు ఆసుపత్రి వార్డుల ఛాయాచిత్రములకంటె పెద్దవిగా అచ్చగుచున్నవి. ఈ కడపటి విషయమే మమ్ము ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పురికొల్పినది.

యంత్రమనగానే ముక్కు విరుచువారము మేము కాము. నకలుపై చేయి తిరిగిన పిమ్మటనే మనుష్యునిపై చేయి వేయవలె నన్న నియమము మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున యోగ్యాసూత్రీయమను తొమ్మిదవ అధ్యాయము కలదు. శాస్త్రమంతయు చదివినవాడైనను చేతితో అభ్యసింపనిచో చికిత్సకు పనికిరాడని చెప్పి, ఆ అభ్యాస మెట్లు చేయవలెనో ఆచార్యుడందు వివరించెను. కోయుటకు సొరకాయ, దోసకాయ, గుమ్మడి. చీల్చుటకు నీరును బురదయు నింపిన తోలుతిత్తి. గీకుటకు రోమములతో కూడిన చర్మము. సిరను పొడుచుటకు చచ్చిన పశువుల రక్తనాళములు, తామరతూడులు. లోపల చొచ్చినదానిని వెదకుటకు పురుగు తొలిచిన కొయ్యయు వెదురుబొంగును. పెరికి తీయుటకు పనస, మారేడు పండ్ల గుజ్జు, చచ్చిన పశువుల దంతములు. కుట్టుటకు గుడ్డలు, మెత్తని తోళ్లు. కట్లు కట్టుటకు మనుష్యాకారముగా చేసిన బొమ్మ. నేడు విదేశపు కంపెనీలు లక్షల రూపాయలకు అమ్ముచున్న బొమ్మరోగికి ఇతడు పెద్దన్న. ఇంతమాత్రమున కంప్యూటరు మన పూర్వులకు తెలియునని తొడ చరచుకొనువారితో మాకు పొత్తు లేదు.

అయితే ఆ ఆచార్యుడే శారీరస్థానమున మరియొక మాట చెప్పెను. విషముచేతగాని దీర్ఘరోగముచేతగాని చావనివాని మృతదేహమును గడ్డితో చుట్టి, బోనులో నుంచి, మరుగైన చోట పారుచున్న నీట నిలిపి, బాగుగా మెత్తబడిన పిమ్మట ఏడు రాత్రులకు వెలికి తీసి, వట్టివేరు, వెదురు మున్నగు కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని లోపలి అవయవములవరకు ఒక్కొక్కటిగా కంటితో చూడవలెనని విధించెను. సొరకాయ ఉన్నది గదా, శవ మెందులకని ఆయన అనలేదు. సొరకాయ చేతికి; శవము కంటికిని బుద్ధికిని. ఈ రెండవ పాఠమును మనవారు అంటుకు వెరచి విడిచిరి. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదనగుప్తుడు శవమును కోసినపుడు దేశమునకంతకును అది వింతయయ్యెను. ఆయన సంస్కృతము చదివిన వైద్యుడే. ఒకసారి పోగొట్టుకొని మరల సంపాదించుకొన్న పాఠమది.

యంత్రమువలన లాభము లేదనువారికి 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు ప్రకటించిన పరీక్ష చాలును. శస్త్రచికిత్స నేర్చుచున్న పదునారుగురు యువవైద్యులను రెండు జట్లు చేసిరి. ఒక జట్టువారు మాత్రము నిపుణుల స్థాయి వచ్చువరకు కంప్యూటరు తెరపై అభ్యసించిరి. పిమ్మట ఇరుజట్లవారును నిజమైన రోగుల పిత్తాశయములను లాపరోస్కోపీ పద్ధతిని వేరుచేయుచుండగా, ఎవరు ఏ జట్టువారో తెలియనివారు ఆ చిత్రములను పరిశీలించిరి. తెరపై అభ్యసించినవారు ఆ పనిని 29 శాతము త్వరగా ముగించిరి. అభ్యాసము లేనివారి చేతులలో పిత్తాశయము గాయపడుటయో, తాకరాని భాగము కాలుటయో ఐదు రెట్లు అధికముగా సంభవింప వీలున్నదని తేలినది. పరీక్ష చిన్నదే, పదునారుగురే. కాని దాని అర్థము చిన్నది కాదు. మన దేశమున వైద్యుని తొలిచేయి ఎవరి దేహముపై తిరుగుచున్నది? ధర్మాసుపత్రికి వచ్చు బీదవాని దేహముపైననే. కలవాడు చేయి తిరిగిన వైద్యుని వెదకుకొనును. లేనివాడు చేయి తిరుగుటకు దేహము నిచ్చును. ఆ తొలితప్పులు రబ్బరుబొమ్మపైనను తెరపైనను జరిగిపోయినచో అంతకంటె వలసిన దేమున్నది? ప్రతి వైద్యకళాశాలకును నైపుణ్యశాల ఉండవలెనని 2019 నాటి నిబంధనలు విధించుట సమంజసము. దానిని మేము హృదయపూర్వకముగా స్వాగతించుచున్నాము.

ఇక గాజుబల్లపై కనిపించు బొమ్మలు ఎక్కడనుండి వచ్చినవో తెలిసికొనుట మంచిది. ఈ విద్యకు గొప్ప పునాదులలో నొకటి అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారు పూనిన విజిబుల్ హ్యూమన్ అను కార్యము. 1993లో టెక్సాసున మరణశిక్ష పొందిన ఒక ఖైదీ తన దేహమును శాస్త్రమున కిచ్చెను. దానిని గడ్డకట్టించి, ఒక్కొక్క మిల్లీమీటరు మందమున తరుగుచు, తరిగినకొలది ఛాయాచిత్రము తీసిరి. అట్లు 1,871 చిత్రములు వచ్చినవి. 1994లో వానిని లోకమునకు విడుదల చేసిరి. మరుసటి యేట ఒక స్త్రీదేహమును మిల్లీమీటరులో మూడవవంతు మందమున తరిగి ఐదువేలకు పైగా చిత్రములు తీసిరి. నేడు వీనిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. శవముతో పని లేదనిపించు తెరయే శవమునుండి పుట్టినది.

ఈ బొమ్మలు ఎంత మేలైనవైనను ఒకరిద్దరి దేహములు. పిత్తాశయమునకు పోవు ధమని గ్రంథమున గీచిన తీరుననే అందరియందును ఉండదు. కొందరియందు వేరుచోట పుట్టును, కొందరియందు రెండుండును. అది తెలియక కత్తెర వేసినవాని రోగి బల్లపైననే రక్తము కారి ప్రమాదమున పడును. పది శవములను చూచిన విద్యార్థికి మనుష్యులందరు నొక్క అచ్చున పోయబడలేదని చేతికి తెలియును. ఒకే తెరను పదిమార్లు చూచినవానికి అది తెలియదు. మరియు బిగిసిన పొట్ట వ్రేళ్లక్రింద ఎట్లుండునో, చలిజ్వరమున పెరిగిన ప్లీహపు అంచు ఊపిరితోపాటు వచ్చి చేతికి ఎట్లు తగులునో గాజు చెప్పలేదు. బాధతో మూలుగుచున్నవాని నడుగరాని ప్రశ్నయేదో బొమ్మరోగి నేర్పలేడు. అతనికి సిగ్గు లేదు, ఇంటివద్ద బిడ్డలు లేరు.

ఇది ఊహామాత్రము కాదు. 2020లో మహమ్మారి వచ్చి చైనా సరిహద్దులు మూసికొన్నపుడును, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము చెలరేగినపుడును, అచ్చట వైద్యము చదువుచున్న వేలకొలది భారతీయ విద్యార్థులు ఇండ్లకు తిరిగివచ్చిరి. వారిలో తెలుగుబిడ్డలు అనేకులు. ఫోనులు చేతబట్టుకొని, పడకగదులలో కూర్చుండి, రోగిని తాకకయే వైద్యపాఠములు వినిరి. తల్లిదండ్రులు చేసిన అప్పులు తీరలేదు. తెరపై పాఠములును ఆగలేదు. కాని ఆ చదువు చదువుగా చెల్లునా అను ప్రశ్న సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయెను. కడకు, ఆసుపత్రిలో చేయవలసిన పనిని తెరపై చూచుటతో సరిపెట్టరాదని జాతీయ వైద్య కమిషను పట్టుబట్టి, అట్టివారికి సామాన్యముగా నుండు ఒక్క సంవత్సరమునకు బదులు రెండు సంవత్సరముల ఇంటర్న్‌షిప్పును విధించినది. ఆ విద్యార్థుల కష్టమునకు మా హృదయము ద్రవించినను, ఆ నిర్ణయము తప్పని మేము చెప్పజాలము.

విదేశమున చదివినవారికి చెల్లని తెర, స్వదేశమున చదువువారికి మాత్రము చెల్లునా? ఇచ్చటనే మా భయము. 2014కు పూర్వము దేశమందంతటను 387 వైద్యకళాశాలలును 51,348 ఎం.బి.బి.ఎస్. స్థానములును ఉండెనని ప్రభుత్వపు లెక్క. 2024 నాటికి కళాశాలలు 700 దాటినవి, స్థానములు లక్షను మించినవి. 1923లో విశాఖపట్టణమునను, 1946లో గుంటూరునను కళాశాలలు పెట్టుటకు రెండు దశాబ్దములు పట్టిన తెలుగునాట, 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశమున ఐదు, తెలంగాణమున తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు ఆరంభమయ్యెను. తెలంగాణములోని తొమ్మిదింటిని నాటి ముఖ్యమంత్రి రాజధానినుండి తెరమీదనే ప్రారంభించెను. ప్రారంభోత్సవమునకు తెర చాలును. జిల్లాకొక పెద్ద ఆసుపత్రి వచ్చుటకు మేము సంతసింతుము. మారుమూల రైతు గుండెనొప్పితో హైదరాబాదుదాక పోవలసిన అగత్యము తప్పును. కాని భవనము రెండేండ్లలో లేచును. ఆచార్యుడు రెండేండ్లలో తయారు కాడు. అధ్యాపకుడు నిజముగా కళాశాలకు వచ్చుచున్నాడో లేడో తెలిసికొనుటకు మొదట ఆధారు వ్రేలిముద్రలు, పిమ్మట ముఖచిత్రములు తీయింపవలసిన స్థితి వచ్చినదన్నచో కొరత ఎంతటిదో చదువరులే గ్రహింపగలరు. అట్టిచోట గాజుబల్ల యొకటి కొని, ‘మాకు శవముల కొరత లేదు’ అనుట సుళువు. ఎక్కడనో చెప్పిన పాఠమును గోడపై వెలిగించి, ‘మాకు ఆచార్యుల కొరత లేదు’ అనుటయు సుళువే. తనిఖీకి వచ్చువారు తెరను లెక్కించుట తప్పుకాదు. దానిని శవము లెక్కలోనో, ఆచార్యుని లెక్కలోనో, రోగి పడక లెక్కలోనో కలుపుట తప్పు. నిబంధనలయందు ఈ మాట స్పష్టముగా నుండవలెను.

పొలమమ్మి బిడ్డలను వైద్యము చదివించు గృహస్థులకు మా మనవి యొకటి. కళాశాలను చూడబోయినపుడు మీకు మొదట చూపబడునది గాజుబల్లయే. దానిని చూచి మెచ్చుకొనుడు. పిమ్మట ఒక శవమును ఎందరు విద్యార్థులు పంచుకొనుచున్నారో అడుగుడు. మంగళవారము ఉదయము చెప్పకుండ పోయి, వార్డులో ఎన్ని పడకలయందు రోగులున్నారో మీ కంటితో లెక్కించుడు.

మరియొక సంగతి. తెరపై కనిపించు రోగులు ఎక్కువగా తెల్లదొరలు. రక్తహీనత, కామెర్లు, దద్దురు, కుష్ఠుమచ్చ నల్లని చర్మముపైనను చామనచాయపైనను వేరుగా కనిపించును. తెల్లచర్మముపై ఎర్రగా నుండునది మన చర్మముపై ఊదాగానో ముదురుగోధుమగానో ఉండును. కొన్నిచోట్ల కంటికే ఆనదు. ఈ లోపమును గుర్తించి 2020లో లండను సెయింట్ జార్జి విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు తన ఆచార్యులతో కలిసి నల్లని చర్మముపై రోగలక్షణములను చూపు చిత్రపుస్తకమును ప్రకటించెను. లండనులో అల్పసంఖ్యాకులకొరకు జరిగిన పని, అందరును ఆ చాయవారే యగు మన దేశమున ఏల విస్తరించి జరుగరాదు? విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలోను, హైదరాబాదు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోను ప్రతిదినము కానవచ్చు రోగములను, రోగుల అనుమతితో, వారి పేరును ఆనవాలును మరుగుపరచి చిత్రములుగా భద్రపరచినచో పదేండ్లలో అమూల్యమైన భాండారము ఏర్పడును. కట్లపాము కాటును, రక్తపింజరి కాటును విదేశపు బొమ్మ చూపునా?

భాషయు నట్టిదే. బొమ్మరోగి ఇంగ్లీషున మూలుగును. మన రోగి ‘గుండెల్లో మంట’ యనును, ‘కడుపులో దేవినట్లున్నది’ యనును, ‘చేయి గుంజుచున్నది’ యనును. సర్కారు జిల్లాలలో ఆయాసము తెలంగాణమున దమ్ము. అక్కడ జలుబైనది ఇక్కడ సర్ది. చదువు మొదటి నెలలో విద్యార్థికి స్థానికభాష నేర్పవలెనని క్రొత్త పాఠ్యక్రమమే చెప్పుచున్నది. ఉస్మానియాలో వైద్యము నొకప్పుడు ఉర్దూలో బోధించిరి; 2022లో మధ్యప్రదేశ ప్రభుత్వము హిందీలో మొదటియేటి గ్రంథములను ప్రకటించినది. వైద్యగ్రంథము లన్నియు తెలుగున ఉండవలెనా అనునది పెద్ద వాదము; దానికి వేరొక దినము కలదు. మాట్లాడు యంత్రములు వచ్చిన ఈ కాలమున బొమ్మరోగికి శ్రీకాకుళపు తెలుగును, పాలమూరు తెలుగును నేర్పుటకు మాత్రము వాదము అక్కరలేదు. ఆ పనికి పూనుకొనవలసినవారు రెండు రాష్ట్రముల ఆరోగ్య విశ్వవిద్యాలయములవారు. ప్రతి కళాశాలయు వేర్వేరుగా విదేశపు సరకు కొనుటకంటె, ఇరువురును కలిసి ఒక్కసారి చేయించి అందరికిని పంచుట చవుకయు నగును.

శవముల కొరతకు మాత్రము యంత్రముకంటె మనమే మందు. దిక్కులేనివారి దేహములపైననే ఎంతకాలము ఆధారపడుదుము? 2024 సెప్టెంబరులో దివంగతులైన తెలుగువారు సీతారాం ఏచూరి గారి దేహమును ఆ కుటుంబమువారు ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు అర్పించిరి. రాజకీయములలో వారితో ఏకీభవింపనివారును ఆ దానమును తప్పుపట్టరు. ఇట్టి దానమునకు వలసిన పత్రమును వైద్యకళాశాలల శరీరనిర్మాణ శాఖలవారు ఇత్తురు. దానిపై సంతకము చేయుటకు ముందే భార్యాబిడ్డలతో మాటలాడి ఒప్పించవలెను. వారు కాదన్నచో దాత కోరిక నెరవేరుట కష్టము.