గేటు దగ్గర పలక మోత, లోపల స్టాల్ ఎవరిది?

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు వస్తుంది. ఆ మండలంలోని మాధవమాల చెక్క శిల్పాలకు పేరున్న ఊరు. ఇంకొంచెం ముందుకు పోతే శ్రీకాళహస్తి, కలంకారీకి పుట్టినిల్లు. ఐఐటీ, ఐసర్ కూడా ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. ఇటు చేతిపని, అటు పెద్ద చదువు. ఈ ప్రాంతంలో హస్తకళల మేళా పెడితే సరుకుకు కొదవ ఉండదు. మాధవమాల దేవుడి బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ, నిమ్మలకుంట తోలుబొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు అన్నీ వరుసగా కనిపిస్తాయి.

మేళా ప్రారంభించడానికి నాయకులు, అధికారులు వస్తే ముందు మోగేది మాత్రం పలక. డప్పును చిత్తూరు, తిరుపతి వైపు పలక అంటారు. జాతరకు పలక కావాలి, చావుకు పలక కావాలి, మంత్రి వస్తే పలక కావాలి. ఆ పలకను తయారు చేసే మనిషికి మేళాలో స్టాల్ ఉందా? ఆయన పేరు హస్తకళాకారుల జాబితాలో ఉందా? తిరుపతి శిల్పారామానికి వెళ్లినా, ఇంకో ఊరి మేళాకు వెళ్లినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

పలక తయారీ చిన్న పని కాదు. చెక్కను వంపు తిప్పి చట్రం బిగించాలి. తోలు నానబెట్టాలి, బొచ్చు పోయేలా గీకాలి, పలుచగా సమంగా రావాలి. చింతగింజల జిగురుతో చట్రానికి లాగి అంటించాలి, నీడలో ఆరబెట్టాలి. ఎక్కడ బిగువు తగ్గినా మోత చెడిపోతుంది. మంట దగ్గర ఎంత సేపు కాచాలో చెవికి తెలియాలి. చెక్కపని, తోలుపని, సంగీత జ్ఞానం మూడూ ఒకే మనిషి చేతిలో ఉండాలి. ఇది హస్తకళ కాకపోతే ఇంకేది హస్తకళ?

నిమ్మలకుంట తోలుబొమ్మ చూడండి. అదీ తోలే. నానబెట్టి, గీకి, ఆరబెట్టి, రంగులు అద్దుతారు. దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రావాల్సిందే, సంతోషం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అదీ న్యాయమే. కానీ తోలు మీద రాముడి బొమ్మ ఉంటే అది వారసత్వ కళ, అదే తోలు మాదిగవాడలో పలక అయితే కులవృత్తి. చేతి నైపుణ్యంలో తేడా లేదు. తేడా ఆ చేతులు ఎవరివన్న దాంట్లో ఉంది.

ప్రభుత్వం దగ్గర ఈ రెంటికీ రెండు వేర్వేరు ఫైళ్లున్నాయి. కలంకారీ, చెక్కబొమ్మలు హస్తకళల ఫైల్లో ఉంటాయి. లేపాక్షి షోరూంలు, మేళాలు, అవార్డులు, ఎగుమతులు అన్నీ ఆ దారిలో వస్తాయి. డప్పు కళాకారులు, చెప్పులు కుట్టేవాళ్లు మనకు ఎక్కువగా కనిపించేది పింఛన్ల ఫైల్లో. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను నెలకు 3,000 నుంచి 4,000 రూపాయలైంది. ఆ డబ్బు అవసరమే, ఎవరూ కాదనరు. కానీ పింఛను వయసు మీద పడ్డాక వచ్చే ఆసరా. స్టాల్ అంటే చేతిలో పని ఉన్నప్పుడే వచ్చే ధర, ఆర్డరు, పేరు. ఒకరికి మార్కెట్, ఇంకొకరికి ఆసరా అని ఎవరు పంచారు?

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులకు వర్తిస్తుంది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం. జాబితాలో చెప్పులు కుట్టేవాళ్లున్నారు, బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్లున్నారు. బొమ్మలు చేసేవాళ్లు, పూలమాలలు కట్టేవాళ్లు కూడా ఉన్నారు. డప్పు చేసేవాళ్లు లేరు. పైగా కుటుంబపరంగా వస్తున్న సంప్రదాయ వృత్తుల వాళ్లకు అన్న మాట పథకంలోనే ఉంది. తాత చెప్పులు కుడితే మనవడూ కుట్టాలని చెప్పకుండానే చెబుతుంది. మన జిల్లాకు పక్కనే ఉన్న తమిళనాడు 2024 నవంబరులో ఈ కారణంతోనే పథకాన్ని ఇప్పుడున్న రూపంలో అమలు చేయబోమని కేంద్రానికి రాసింది. కుటుంబ వృత్తి అయి ఉండాలన్న షరతు తీసేయాలని, కనీస వయసు 18 నుంచి 35కి పెంచాలని కోరింది. చదువుకోవాల్సిన పిల్లవాడికి 18 ఏళ్లకే కులవృత్తి రుణం చేతిలో పెట్టవద్దన్నది అక్కడి వాదన.

మనలోనే కొందరు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. ‘మళ్లీ తోళ్లు గీకమంటారా? పలక వదిలేసి బయటపడటానికి మన పెద్దలు ఎంత కొట్లాడారో మరిచిపోయారా?’ ఇది న్యాయమైన ప్రశ్న. చావుకు వెట్టిగా పలక కొట్టబోమని చెప్పినందుకు దెబ్బలు తిన్న వాడలున్నాయి. కులవ్యవస్థ పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసే మనుషులనే విభజించిందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. వదిలేసే హక్కు మొదటి హక్కు. దాన్ని ఏ పథకమూ తీసేయకూడదు.

కానీ అదే పలకను మన ఉద్యమం వేరేగా వాడుకుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. ఊరి పెద్దల హుకుం చాటించిన వాద్యమే హక్కులను చాటింది. కాబట్టి గొడవ పలకతో కాదు, వెట్టితో. చేసేవాళ్లకు గౌరవం, ధర ఉండాలి. వద్దనుకునే వాళ్లకు చదువు, ఇంకో ఉపాధి ఉండాలి. ఈ రెండూ కలిసి రాకపోతే అది న్యాయం కాదు.

కళను కుటుంబం నుంచి బయటకు తీసి నేర్పడం కుదురుతుందా అంటే, శ్రీకాళహస్తే జవాబు. కలంకారీ అంతరించిపోయే దశలో ఉన్నప్పుడు 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. గురువును పెట్టి నేర్పించారు. ఈరోజు ఆ ఊళ్లో ఎందరో ఆడవాళ్లు కలం పట్టి బతుకుతున్నారు. కలంకారీకి చేసింది పలకకు ఎందుకు చేయలేదు? ఈలోగా బజారులోకి ఫైబర్ డప్పులు వచ్చేశాయి. కాచే పని లేదు, తోలుతో పని లేదు. తయారీదారుడి బేరం అటు పోయింది.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు. కేంద్ర హస్తకళల విభాగం గుర్తించే కళల్లో సంగీత వాద్యాల తయారీ ఉంది. పలక తయారీదారులు, వెదురు తట్టలు అల్లే ఎరుకల కుటుంబాలు పెహచాన్ గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కార్డు ఉంటేనే కేంద్రం సాయంతో జరిగే మేళాల్లో స్టాల్ అడగడానికి వీలు. మండలానికో శిబిరం పెట్టి కార్డులు ఇప్పించడం అధికారులకు పెద్ద పని కాదు. డబ్బు లేదనడానికీ లేదు. 2013 ఉప ప్రణాళిక చట్టం గడువును 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఎస్సీ, ఎస్టీలకు జనాభా వాటా ప్రకారం నిధులు కేటాయించాలని ఆ చట్టమే చెబుతోంది. అందులో హస్తకళలకు ఎంత పెట్టారో, ఏ మేళాలో ఎన్ని స్టాళ్లు ఎస్సీ, ఎస్టీ కళాకారులకు ఇచ్చారో బయటపెట్టాలి. ప్రారంభోత్సవంలో పలక కొట్టిన వాళ్లకు ఎంత ఇచ్చారో కూడా ఆ లెక్కలో ఉండాలి.

ఈసారి మేళాకు వెళ్లినప్పుడు స్టాళ్ల మధ్య ఒక రౌండు వేయండి. తోలుపని, వెదురుపని, చాపలు, వాద్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లేకపోతే నిర్వాహకుల దగ్గరకెళ్లి కేటాయింపు జాబితా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గేటు దగ్గర పలక కొట్టిన మనిషి, తను చేసిన పలకను లోపల ధర చెప్పి అమ్ముకోగలగాలి.