ఎలుక బతికింది సరే, మా గడియారం సంగతి?

పక్షవాతానికి నానో మందు గురించి మీ పేపర్లో వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్లేట్‌లెట్ కణం పైపొరను మందు నింపిన సూక్ష్మరేణువుకు తొడిగితే, అది దెబ్బతిన్న రక్తనాళాన్ని వెతుక్కుంటూ వెళ్లి అతుక్కుంటుందట. 2015లో అమెరికాలోని శాన్‌డియాగో శాస్త్రవేత్తలు అలాంటి రేణువులు చేసి చూపారు. గొప్ప ఆలోచన, కాదనను. కానీ పక్షవాతం విషయంలో ఇది ఇంకా ఎక్కువగా ఎలుకల్లాంటి జంతువుల మీద పరీక్షల్లోనే ఉందన్న మాట వ్యాసంలో లేదు.

పక్షవాతానికి ఇప్పుడున్న, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పడాలి. అదీ మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే.

మా నాన్న ఒకరోజు పొద్దున్నే పాలు పితుకుతూ చెంబు జారవిడిచాడు. మూతి ఒక పక్కకు పోయింది. గాలి సోకిందని ఆముదం రుద్దాం. పావురం నెత్తురు పూయమని ఎవరో అంటే దానికోసం ఊరంతా తిరిగాం. కదిరి చేరి స్కాన్ తీయించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ ముద్ద ఎత్తదు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా టైము చూసి రాసుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలని దయచేసి పెద్దక్షరాల్లో వేయండి. మా నంబులపూలకుంట బస్టాండులో మీ పేపరు పదిమంది చేతులు మారుతుంది.

– ఒక రైతు, నంబులపూలకుంట, శ్రీ సత్యసాయి జిల్లా