అల్లిక బొమ్మల దానం గురించి లేసు మహిళల సంఘం చేసిన తీర్మానం

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి చెందిన మా లేసు అల్లిక మహిళల సంఘం సర్వసభ్య సమావేశం అధ్యక్షురాలి అధ్యక్షతన జరిగింది. కోరం ఉన్నట్టు కార్యదర్శి ప్రకటించారు. అంగన్‌వాడీ పిల్లలకు, బాలసదనాల్లో పెరుగుతున్న పిల్లలకు, తుపాను వచ్చినప్పుడు పునరావాస కేంద్రాలకు చేరే పిల్లలకు చేత్తో అల్లిన చిన్న బొమ్మలు ఇవ్వాలన్న ప్రతిపాదన ఎజెండాలో మూడో అంశంగా చర్చకు వచ్చింది. పది నిమిషాల్లో చప్పట్లతో తేలిపోయే అంశమనే అందరూ అనుకున్నారు. అలా తేలలేదు. మిగతా అంశాలన్నిటికీ కలిపి పట్టిన సమయం కన్నా దీనికే ఎక్కువ పట్టింది. కనుక నిర్ణయంతో పాటు దాని వెనకున్న వాదప్రతివాదాలనూ తీర్మానాల పుస్తకంలో రాయాలని సభ్యులు కోరారు. ఆ ప్రకారమే రాయడమైనది.

సభ ముందుగా గమనించిన సంగతులు ఇవి.

ఈ ప్రాంతానికి లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. అమ్మమ్మల నుంచి అమ్మలకు, అమ్మల నుంచి మనకు అందింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన చేతుల్లో తయారైన టేబుల్ గుడ్డలు, దిండు గలేబులు, పరుపు దుప్పట్లు సముద్రాలు దాటి వెళ్తున్నాయి. అయితే మన ఊరి పిల్ల చేతిలో మనం అల్లిన వస్తువు ఏదైనా ఉందా అని అధ్యక్షురాలు అడిగితే సభలో లేచిన చేతులు తక్కువ. చంటిపిల్లల టోపీలు, మేజోళ్లు తప్ప పిల్లల కోసమని మనం పెద్దగా అల్లింది లేదు. ఆర్డరు ఇచ్చేవారు అడిగింది అల్లాం. పిల్లలు ఆర్డర్లు ఇవ్వరు కదా.

ఇలాంటి పని వేరే చోట్ల ఎలా జరిగిందో కార్యదర్శి రెండు ఉదాహరణలతో చెప్పారు. మొదటిది కెనడాది. మార్క్ ఇస్‌ఫెల్డ్ అనే సైనికుడు శాంతిదళంలో పనిచేస్తూ, యుద్ధం జరిగిన ఊళ్లలోని పిల్లలకు వాళ్లమ్మ ఊలుతో చేసి పంపిన చిన్న బొమ్మలు పంచేవాడు. 1994లో క్రొయేషియాలో మందుపాతరలు తొలగించే పనిలో ఉండగా చనిపోయాడు. అతని ముద్దుపేరుతోనే వాటిని ఇజ్జీ బొమ్మలంటున్నారు. ఆ తల్లి అల్లడం మానలేదు. ఆమెను చూసి కెనడాలో ఎందరో ఆడవాళ్లు చేరారు. తర్వాత ఆ బొమ్మలను మందుల పెట్టెల్లో సీసాల మధ్య ఖాళీల్లో కుక్కి దూరదేశాలకు పంపారు. సీసాలు పగలకుండా ఉండేవి, బొమ్మలకు వేరే రవాణా ఖర్చు ఉండేది కాదు. ఈ కిటుకు సభకు బాగా నచ్చింది. బొమ్మ ఒక్కటే ఊరేగింపుగా వెళ్లడం కన్నా అవసరమైన సామానుతో కలిసి వెళ్లడమే మర్యాద.

రెండోది డెన్మార్క్‌లో 2013లో మొదలై చాలా దేశాలకు పాకిన పద్ధతి. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల పక్కన అల్లిన ఆక్టోపస్ బొమ్మ పెడతారు. దాని మెలికల కాళ్లు బొడ్డుతాడును తలపిస్తాయనీ, శిశువు ట్యూబులు పీక్కోకుండా వాటిని పట్టుకుంటుందనీ చెబుతారు. వినడానికి ముచ్చటగానే ఉంది. సభ దీన్ని మెచ్చుకుంది గానీ వెంట పడలేదు. ఎందుకన్నది కింద ఆరో అంశంలో ఉంది.

పునరావాస కేంద్రంలో తుపాను బాధితులకు బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు అందుతాయి. ఆ జాబితాలో బొమ్మ ఉండదు. ఉండాలని సభ అనడం లేదు. పాలు, మంచినీళ్లు, పొడి బట్టల తర్వాతే బొమ్మ. అయితే ఆ మూడూ అందాక కూడా పిల్లలకు పొద్దు పోదు. స్కూలు వరండాలో నాలుగు రోజులు కూర్చోబెట్టిన మూడేళ్ల పిల్లకు ఏం కావాలో ఇక్కడున్న తల్లులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కావున సభ తీర్మానించినది ఏమనగా:

1. సంఘం తరఫున ఈ సంవత్సరం 240 అల్లిక బొమ్మలు తయారుచేయాలి. అంతకు మించి పెట్టుకోరాదు. వీటిలో సగం అంగన్‌వాడీలకు, నాలుగో వంతు బాలసదనానికి ఇవ్వాలి. మిగిలిన నాలుగో వంతు శుభ్రమైన మూటల్లో కట్టి, అక్టోబరు రాకముందే మండల కార్యాలయం వారికి తెలియజేసి, తుపాను అవసరానికి సిద్ధంగా ఉంచాలి. బొమ్మలు అల్లే ముందు ఎక్కడ ఇస్తామో అక్కడి అంగన్‌వాడీ టీచరును గానీ, సదనం సూపరింటెండెంటును గానీ అడగాలి. పిల్లలు ఎంతమంది, ఏ వయసువారు, బొమ్మలు అసలు కావాలా అన్నవి తెలుసుకోవాలి. వద్దన్నచోట ఇవ్వరాదు. వాళ్లకు కావలసినవి పలకలో చాపలో అయితే ఆ సంగతి విడిగా చూడాలి.

2. కూలి విషయం. సభలో ఎక్కువ మాటలు నడిచింది ఇక్కడే.

దానానికి కూలేమిటి, పుణ్యానికి రేటు కడతామా అని కొందరు పెద్దలు అన్నారు. తలా రెండు బొమ్మలు తీరిక వేళల్లో అల్లి ఇచ్చేస్తే సరిపోతుందని వాళ్ల అభిప్రాయం. దీనికి జవాబుగా మరికొందరు ఒక సంగతి గుర్తుచేశారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో మన నరసాపురం లేసు మహిళల మీదే పుస్తకం రాశారు. ఇళ్లలో కూర్చుని ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను కార్మికులుగా లెక్కించకుండా, ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసే పనిగా చూడటం వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్లు దాటింది. తీరిక అన్న మాట మాత్రం ఇప్పటికీ మన ఇళ్లలోనే కాదు, మన నోళ్లలోనూ ఉంది. బయటివారు మన పనిని తీరిక పని అన్నందుకు నష్టపోయినవాళ్లం మనమే. మన సంఘమే తన సభ్యులతో ఆ మాట అనడం తగదని సభ భావించింది. దారం మీదా రోజుకూలి మీదా బతికే సభ్యురాలు ఒక బొమ్మ ఉచితంగా అల్లిందంటే, ఆ పూట ఆర్డరు పని వదులుకున్నట్టే. ఆ దానం సంఘానిది కాదు, ఆమె పిల్లలది.

కాబట్టి ప్రతి బొమ్మకు, అంతే సమయం పట్టే ఆర్డరు పనికి ఇచ్చే కూలినే సంఘం నిధి నుంచి ఇవ్వాలి. కూలి వద్దనుకునేవారు వద్దనవచ్చు. అయితే ఆ మాట సభలో అందరి ముందు అడగరాదు. కోశాధికారి దగ్గర విడిగా చెప్పాలి. ఎవరు తీసుకున్నారు, ఎవరు వదులుకున్నారు అన్న జాబితా చదవరాదు, గోడకు అంటించరాదు. బొమ్మలు అల్లనివారిని ఏ కారణం చేతనైనా తక్కువ చేసి మాట్లాడరాదు. ఎగుమతి ఆర్డర్ల గడువు దగ్గర పడ్డ నెలల్లో బొమ్మల పని ఎవరికీ అప్పగించరాదు.

3. బొమ్మ ఎలా ఉండాలి. లేసు చేతులు బొమ్మకు పనికొస్తాయి గానీ లేసు అలవాట్లు పనికిరావు. లేసు అందమంతా దారాల మధ్య వదిలే ఖాళీల్లో ఉంటుంది. బొమ్మకు ఖాళీయే దోషం. ఖాళీ ఉంటే లోపలి దూది బయటికి వస్తుంది. పిల్ల వేలు దూరుతుంది, లాగుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. అందుచేత దారం లావుకు మామూలుగా వాడే సూది కన్నా ఒక నంబరు సన్నని సూదితో, గొలుసులతో కాకుండా దగ్గర దగ్గర కుట్లతో, గుండ్రంగా తిప్పుతూ అల్లాలి. జపాన్‌వారు అమిగురుమి అనే పద్ధతి ఇదే. మధ్యలో ఆరు కుట్లతో మొదలుపెట్టి వరుస వరుసకూ పెంచుకుంటూ పోతే చదునైన బిళ్ల వస్తుంది, పెంచడం ఆపితే గిన్నెలా వంపు తిరుగుతుంది. చేయి తిరిగినవాళ్లకు ఒక పూటలో పట్టుబడుతుంది. సంఘంలో ఇప్పటికే వచ్చినవారు రానివారికి నేర్పాలి. నేర్పిన పూటకూ కూలి ఇవ్వాలి.

దారం నూలుదే వాడాలి. రంగు పోతుందో లేదో తడి తెల్లగుడ్డతో రుద్ది చూసిన తర్వాతే వాడాలి. లోపల కొత్త పాలియెస్టర్ దూది మాత్రమే నింపాలి. బూరుగు దూది చవకే గానీ ఉతికితే ఉండకడుతుంది. గలగలమంటుందని గింజలు, బియ్యం పోయరాదు, పురుగు పడుతుంది. పూసలు, బొత్తాలు, ప్లాస్టిక్ కళ్లు, తీగలు, గజ్జెలు, మెరుపు తళుకులు ఏ వయసు పిల్లల బొమ్మకూ పెట్టరాదు. కళ్లు, ముక్కు, నోరు దారంతోనే కుట్టాలి. అంగళ్లలో భద్రమైన కళ్లంటూ బిగింపు కళ్లు అమ్ముతారు. అవి గట్టి గుడ్డలో నిలుస్తాయి. అల్లిక సాగుతుంది కనుక పిల్ల పంటికి అవి ఊడి వస్తాయి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మ నుంచి ఊడిన భాగం 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న పరీక్ష గొట్టంలో పట్టిందంటే అది గొంతుకు అడ్డం పడే ముప్పుందని బొమ్మల ప్రమాణాలు చెబుతున్నాయి. అటువంటి గొట్టం ఒకటి సంఘం కొని ఉంచాలి. బొమ్మ బెత్తెడుకు తగ్గరాదు, జానెడుకు మించరాదు. తోకలు, జడలు, తాళ్లు పొట్టిగా ఉండాలి. మెడకు చుట్టుకునేంత పొడుగు ఏదీ ఉండరాదు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. మనం అమ్మడం కూడా లేదు, ఇంత పట్టింపు ఎందుకని ఒక సభ్యురాలు అడిగారు. కొనే తల్లి బొమ్మను తిప్పి చూస్తుంది, లాగి చూస్తుంది, నచ్చకపోతే అక్కడే పెట్టేస్తుంది. దానంగా వచ్చినదాన్ని అలా చూసే వీలు ఎవరికీ ఉండదు. చూడాల్సింది ఇచ్చేవాళ్లమే కనుక అమ్మకపు సరుకు కన్నా దీనికే తనిఖీ ఎక్కువ ఉండాలని సభ నిర్ణయించింది. ప్రతి బొమ్మనూ అల్లినవారు కాకుండా వేరొకరు, కాళ్లూ చేతులూ తోకా పట్టి గట్టిగా లాగి చూడాలి. ఒకసారి ఉతికి ఎండలో ఆరబెట్టాలి. తప్పినదాన్ని విప్పేయాలి. అక్కచెల్లెళ్ల మొహమాటం ఇక్కడ చెల్లదు.

4. తిరస్కరించిన సరుకు. ఎగుమతిలో వెనక్కి వచ్చిన లేసు ముక్కలతో బొమ్మలకు గౌన్లు కుట్టి ఇవ్వవచ్చని ఒక సూచన వచ్చింది. ముక్క మంచిదై, కొలత తేడా వల్ల మాత్రమే వెనక్కి వచ్చి ఉంటే వాడవచ్చు. మరక పడ్డది, చిరిగినది, ముక్కిన వాసన వేసేది వాడరాదు. మిగిలిన దారం కండెలకూ ఇదే నియమం.

5. ఆకారాలు. ఎలుగుబంట్లు, కొమ్ముగుర్రాల బొమ్మలు బజారులో దండిగా ఉన్నాయి. మన పిల్లలు చూసే గేదె, కొంగ, ఉడత, తాబేలు, పులస చేప అల్లాలి. పులసను అల్లడం తేలికనీ, దాని ధర మాత్రం పిల్లలకు చెప్పవద్దనీ ఒకరు అనగా సభ నవ్వింది. మనిషి బొమ్మలు చేస్తే ఆడ, మగ రెండూ, మన ఒంటి రంగుల్లో చేయాలి. తెల్లదారం ఎక్కువగా మిగిలిందన్న కారణంతో అన్నిటికీ తెల్ల ముఖాలు పెట్టరాదు. దేవుళ్ల బొమ్మలు, పార్టీ గుర్తులు, పార్టీల రంగుల జతలు వద్దు.

6. ఆస్పత్రులు. నవజాత శిశువుల వార్డుకు సంఘం తనంతట తాను బొమ్మలు తీసుకుపోరాదు. అక్కడ దారపు పోగు కూడా ఇన్‌ఫెక్షన్‌కు దారి కావచ్చు. చంటిపిల్ల నిద్రపోయే చోట మెత్తటి వస్తువు ఉండటమే మంచిది కాదని వైద్యులు చెబుతారు. ఆక్టోపస్ బొమ్మ వల్ల శిశువు ఆరోగ్యం బాగుపడుతుందని సంఘం ఎక్కడా ప్రచారం చేయరాదు. వార్డు బాధ్యులైన వైద్యులు కొలతలతో, ఉతికే పద్ధతితో సహా రాతపూర్వకంగా అడిగితే అప్పుడు మరో సమావేశంలో ఆలోచించవచ్చు.

7. ఇచ్చే తీరు. వేదిక, బ్యానరు, శాలువాలు, ముఖ్య అతిథి ఉండరాదు. పిల్లలను వరుసలో నిలబెట్టి చేతిలో బొమ్మ పెడుతూ ఫొటోలు తీయరాదు. బాలసదనంలోని పిల్లల ఫొటో గానీ, పేరు గానీ బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. చట్టం అడ్డుపడని చోట కూడా సంఘం ఇదే పాటించాలి. నిధులిచ్చేవారికి సాక్ష్యం కావాలంటే బల్ల మీద పేర్చిన బొమ్మల ఫొటో, అందినట్టు టీచరు సంతకం చాలు. బొమ్మలను టీచరుకు అప్పగించి రావాలి. ఏది ఎవరికన్నది పిల్లలు, టీచరు తేల్చుకుంటారు. సదనంలో మాత్రం బొమ్మ పిల్లకు సొంతంగా దక్కాలని, అల్మారాలో పెట్టి తాళం వేయవద్దని సూపరింటెండెంటును మర్యాదగా కోరాలి. ఉమ్మడి మంచం, ఉమ్మడి పెట్టె, ఉమ్మడి దువ్వెనతో పెరిగే పిల్లకు ఒక్కటైనా తనదంటూ ఉండాలి.

8. ఖర్చు. దారం, దూది, కూలి, పరీక్ష గొట్టం ఖర్చులన్నీ సంఘం సంక్షేమ నిధి నుంచి భరించాలి. పొదుపు, అప్పుల ఖాతాలను తాకరాదు. వ్యాపారులు దారం ఇస్తామంటే రసీదు ఇచ్చి తీసుకోవచ్చు. బొమ్మ మీద వాళ్ల పేరు చీటీ కుట్టాలంటే మాత్రం వద్దని చెప్పాలి.

9. ఇచ్చిన మూడు నెలల తర్వాత ఇద్దరు సభ్యులు వెళ్లి బొమ్మల స్థితి చూసి రావాలి. ఏది చిరిగింది, ఎక్కడ కుట్టు వదిలింది, పిల్లలు ఏది ముట్టలేదు అన్నవి వచ్చే సమావేశంలో చెప్పాలి. చిరిగినవి తెచ్చి బాగుచేసి ఇవ్వాలి. 240కి మించి వచ్చే ఏడాది అల్లాలా, అసలు అల్లాలా అన్నది ఆ నివేదిక విన్న తర్వాతే నిర్ణయించాలి.

ఈ తీర్మానాన్ని కార్యదర్శి ప్రతిపాదించగా కోశాధికారి బలపరిచారు. రెండో అంశం మినహా మిగిలినవన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. రెండో అంశం చేతులెత్తే పద్ధతిలో మెజారిటీతో ఆమోదమైంది. దానానికి కూలి తీసుకోవడం తమ మనసుకు ఒప్పదని చెప్పిన సభ్యుల అభ్యంతరాన్ని వారి కోరిక మేరకు ఇక్కడ నమోదు చేయడమైనది. వారు కూడా బొమ్మలు అల్లుతామన్నారు. తీర్మానం నకళ్లను మండల సమాఖ్యకు, ఐసీడీఎస్ సూపర్‌వైజరుకు, బాలసదనం సూపరింటెండెంటుకు పంపాలని, దారం కొనుగోలు కోసం ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేయాలని నిర్ణయించి, సభ ఎజెండాలోని నాలుగో అంశమైన బ్యాంకు లింకేజీ బకాయిల చర్చలోకి వెళ్లింది.